సోషలిజం ఒక్కటి కాదు: సోషలిస్టు సిద్ధాంత శాఖల మధ్య భేదాలు, సంఘ కాపరికి వాటి ప్రాముఖ్యత

ఉపోద్ఘాతం

చాలా ఏళ్ల క్రితం ఒక బుధవారం సాయంకాలం బైబిలు పఠనంలో అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం ధ్యానిస్తున్నాం. ఆది సంఘంలోని విశ్వాసులు పొలాలు, ఇండ్లు అమ్మి ఆ సొమ్మును అపొస్తలులకు అప్పగించిన భాగం అది. వెనుక వరుసలో కూర్చున్న ఒక యౌవనస్థుడు లేచి, "అయ్యగారూ, ఇది సోషలిజమే కదా? మరి మన సంఘాల్లో సోషలిజం పేరెత్తితే ఎందుకంత భయం?" అని అడిగాడు. "వాళ్లు దేవుడు లేడంటారు బాబూ, మనకూ వాళ్లకూ పొత్తు కుదరదు" అని ఒక్క మాటలో తేల్చేసి తరువాతి వచనానికి వెళ్లిపోయాను. కొన్ని వారాలకు అతడు రావడం మానేశాడు.

నేను చెప్పినది పూర్తిగా అబద్ధమని అనను. అయితే అది అతని ప్రశ్నకు జవాబు కాదు. "ఏ సోషలిజం గురించి అడుగుతున్నావు?" అని నేను తిరిగి అడగవలసింది. అలా అడగాలంటే సోషలిజంలో రకాలున్నాయని నాకు తెలిసి ఉండాలి. అప్పటికి నాకు తెలియదు.

ఈ మాట మన దేశంలో ఎంత విస్తారంగా వాడబడిందో గమనించండి. 1955లో ఆవడి మహాసభలో కాంగ్రెసు పార్టీ సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని తీర్మానించింది. 1960వ దశకం చివర శ్రీకాకుళం కొండల్లో ఆయుధం పట్టినవారు కూడా సోషలిజం కోసమే అన్నారు. 1976లో 42వ సవరణ ద్వారా "సామ్యవాద" అనే మాట మన రాజ్యాంగ పీఠికలో చేరింది. ఒకే మాట కింద ఇంత భిన్నమైనవి ఉన్నప్పుడు, దానిని గుత్తగా ఖండించినా గుత్తగా కొనియాడినా మనం వినేవారిని తప్పుదారి పట్టించినట్లే. సోషలిస్టు శాఖలు ఎక్కడ ఏకమవుతాయో, ఎక్కడ విడిపోతాయో, ఆ భేదాలు క్రైస్తవ విశ్వాసాన్ని ఎక్కడ తాకుతాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. ఉమ్మడి పునాది, నాలుగు ప్రశ్నలు

సోషలిస్టులందరూ ఒక విషయంలో ఏకీభవిస్తారు. అనేకుల శ్రమతో పుట్టిన సంపద కొద్దిమంది చేతుల్లో ఉండకూడదు. భూమి, గనులు, కర్మాగారాలు, బ్యాంకులు వంటి ఉత్పత్తి సాధనాలు సమాజం అదుపులో ఉండాలి. ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఒకని చొక్కా, ఇల్లు, సైకిలు లాక్కోవాలని చెప్పడం ఈ సిద్ధాంతాల సారాంశం కాదు. ఇతరుల శ్రమ మీద పెత్తనం ఇచ్చే ఆస్తి గురించే వారి వాదం.

ఇంతవరకే ఏకత్వం. ఆ తరువాత నాలుగు ప్రశ్నల దగ్గర వారు విడిపోతారు. మొదటిది, "సమాజం" అంటే ఎవరు: ప్రభుత్వమా, పనివారి సహకార సంఘమా, గ్రామమా? రెండవది, అక్కడికి చేరే దారి ఏది: ఆదర్శమా, ఓటా, విప్లవమా? మూడవది, పోలీసు, సైన్యం, న్యాయస్థానం కలిగిన రాజ్యాన్ని ఏమి చేయాలి? నాలుగవది, మనిషి స్వభావం గురించి, మతం గురించి ఏమి నమ్మాలి?

ఈ నాలుగింటి వెనుక ఒకే ప్రశ్న దాగి ఉందని నా అభిప్రాయం. ధనవంతుని చేతి నుండి తీసివేసిన అధికారాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? ఆ చేతిని ఎంతవరకు నమ్మవచ్చు? మనం పాపము అనే పేరుతో బోధించే విషయానికి ఇది చాలా దగ్గరి ప్రశ్న. కాబట్టి ఈ చర్చ మనకు పరాయిది కాదు.

2. ఆదర్శ గ్రామమా, వర్గ పోరాటమా?

19వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల్లో యంత్ర పరిశ్రమ పెరిగి, పసిపిల్లలు సైతం మిల్లుల్లో రోజుకు పన్నెండు గంటలకు పైగా పనిచేస్తున్న కాలంలో తొలి సోషలిస్టులు కనిపిస్తారు. ఫ్రాన్సులో సెయింట్ సైమన్, ఫోరియర్, బ్రిటనులో రాబర్ట్ ఓవెన్ వీరిలో ముఖ్యులు. ఓవెన్ స్వయంగా మిల్లు యజమాని. స్కాట్లండులోని న్యూ లానార్క్‌లో పని గంటలు తగ్గించి, పదేళ్లలోపు పిల్లలను పనిలోకి తీసుకోవడం మాని, వారికి బడి పెట్టాడు. పరిసరాలు మంచివైతే మనిషి మంచివాడవుతాడన్నది అతని నమ్మకం. ఒక ఆదర్శ గ్రామాన్ని కట్టి చూపిస్తే లోకమంతా దానిని అనుసరిస్తుందని భావించాడు.

1825లో అతడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో న్యూ హార్మొనీ అనే ఊరిని కొన్నాడు. ఆ ఊరిని అతనికి అమ్మినవారు జార్జి రాప్ నాయకత్వంలోని జర్మను క్రైస్తవ భక్తులు. వారు అపొస్తలుల కార్యముల మాదిరిని అనుసరించి ఆస్తిని ఉమ్మడిగా ఉంచుకొని, ఆ ఊరిని కట్టి వర్ధిల్లినవారు. వారి సమాజం 1905 వరకు నిలిచింది. ఓవెన్ ప్రయోగం మాత్రం రెండేళ్లలో, 1827లో కూలిపోయింది. ఇండ్లూ పొలాలూ అవే. విశ్వాసంలో ఏకమైనవారికీ, ఆహ్వానం విని నలుదిక్కుల నుండి వచ్చి చేరినవారికీ మధ్య తేడా అక్కడ బయటపడింది. అయితే రాప్ అనుచరులు బ్రహ్మచర్యం పాటించినవారు, చివరకు అంతరించిపోయినవారు అని కూడా చెప్పకపోతే మన వాదం ఏకపక్షమవుతుంది.

ఓవెన్ ప్రభావం వృథా కాలేదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో కొందరు పనివారు స్థాపించిన సహకార దుకాణం, నేడు మనం ఎరిగిన సహకారోద్యమానికి మాదిరి అయింది.

కారల్ మార్క్స్, ఎంగెల్స్ ఈ తొలితరం సోషలిస్టులను గౌరవిస్తూనే ఊహాజనిత సోషలిస్టులని పేరు పెట్టారు. 1848లో వెలువడిన కమ్యూనిస్టు ప్రణాళిక, 1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటం వారి ప్రధాన రచనలు. యజమాని చెడ్డవాడు గనుక కార్మికుడు బీదవాడు కాలేదు. కార్మికుడు తన కూలికి సమానమైన విలువను పనిదినంలో కొంత భాగంలోనే పుట్టిస్తాడు, మిగిలిన గంటల్లో పుట్టించే అదనపు విలువ యజమానికి చేరుతుంది అని మార్క్స్ వివరించాడు. యజమాని దయగలవాడైనా పోటీలో నిలవాలంటే ఇలాగే చేయాలి. కనుక మంచి మాదిరి చాలదు. శ్రామికవర్గం సంఘటితమై పోరాడి రాజకీయాధికారం చేపట్టాలి. ఓవెన్ అందరి మనస్సాక్షికీ విజ్ఞప్తి చేశాడు, మార్క్స్ ఒక వర్గం బలాన్ని నమ్ముకున్నాడు. ఇది మొదటి చీలిక.

3. రాజ్యం గురించిన వివాదం: మార్క్స్, బకూనిన్

ముందుగా ఒక పదాన్ని గురించి హెచ్చరిక. తెలుగు మార్క్సిస్టు గ్రంథాల్లో "రాజ్యం" అంటే ప్రభుత్వ యంత్రాంగం, బలప్రయోగ సాధనం. మన బైబిలులో "దేవుని రాజ్యము" అంటే దేవుని పరిపాలన. "రాజ్యం అంతరించాలి" అని ఒక కమ్యూనిస్టు యువకుడు అన్నప్పుడు, రాజ్యం రావాలని ప్రార్థించే మనం ఉలిక్కిపడనవసరం లేదు. మాట ఒకటే, విషయాలు రెండు.

1864లో లండనులో స్థాపించబడిన మొదటి ఇంటర్నేషనల్‌లో యూరపు కార్మిక సంఘాలు కలిశాయి. అక్కడే మార్క్స్‌కూ రష్యను విప్లవకారుడు బకూనిన్‌కూ తీవ్ర సంఘర్షణ జరిగింది. ఇద్దరూ పెట్టుబడిదారీ వ్యవస్థను కూల్చాలన్నవారే. చివరకు రాజ్యం లేని సమాజం రావాలన్నదీ ఇద్దరి ఆశయమే. పేచీ మధ్యకాలం గురించి. శ్రామికవర్గం కొంతకాలం రాజ్యాధికారాన్ని చేపట్టి పాత యజమానులను అణచాలి, వర్గాలు పోయాక ఆ రాజ్యం దానంతటదే వాడిపోతుంది అని మార్క్సిస్టులు చెప్పారు. అధికారపీఠం ఎక్కిన కార్మికుడు ఇక కార్మికుడుగా మిగలడని, ప్రజల పేరుతో కొత్త పాలకవర్గం పుడుతుందని బకూనిన్ వాదించాడు. బకూనిన్ అనుచరులు అరాచకవాదులుగా ప్రసిద్ధి చెందారు. తెలుగులో ఈ మాట అల్లరి అనే అర్థంలో వినబడుతుంది గాని, వారి భావం "పాలకుడు లేని వ్యవస్థ" అని. స్వచ్ఛంద సంఘాలు, గ్రామాలు ఒకదానితో ఒకటి ఒప్పందం చేసుకొని జీవించాలన్నది వారి మార్గం.

1872లో హేగ్ మహాసభలో బకూనిన్‌ను బహిష్కరించారు. ఇక్కడ ఒక వింత గమనించాలి. బకూనిన్ పచ్చి నాస్తికుడు. దేవునికి లోబడడమే మనిషి బానిసత్వానికి మూలమని వ్రాసినవాడు. అయినా అధికారం చేతికి వస్తే మంచివాడు కూడా చెడిపోతాడని అతడు చెప్పిన మాట 1 సమూయేలు 8వ అధ్యాయంలో రాజును గురించి సమూయేలు చేసిన హెచ్చరికకు ఎంతో దగ్గరగా ఉంది. పాప సిద్ధాంతాన్ని నమ్మనివాడు పాపపు పనితీరును స్పష్టంగా చూశాడు. అయితే రాజ్యం తొలగితే మనుష్యులు సహజంగా సమాధానంగా జీవిస్తారని నమ్మడంలో న్యాయాధిపతుల గ్రంథపు చివరి అధ్యాయాల పాఠాన్ని మరచాడు.

4. సంస్కరణా, విప్లవమా?

మూడవ చీలిక జర్మనీలో వచ్చింది. 1875లో గోథా పట్టణంలో రెండు కార్మిక పార్టీలు ఏకమై, ఆ తరువాత సోషల్ డెమోక్రటిక్ పార్టీగా ఎదిగాయి. 1878 నుండి 1890 వరకు అది నిషేధ చట్టం కింద నలిగినా, 1912 ఎన్నికల నాటికి మూడింట ఒక వంతుకు పైగా ఓట్లు, 110 స్థానాలు గెలిచి పార్లమెంటులో అతిపెద్ద పార్టీ అయింది. ఇంత ఓటు బలమున్న పార్టీ ఇంకా విప్లవం మాట ఎత్తాలా? ఈ ప్రశ్న అప్పటికే పార్టీలో రగులుతూ ఉంది.

బెర్న్‌స్టైన్ 1899లో వెలువరించిన గ్రంథంలో మార్క్స్ అంచనాలు కొన్ని నిజం కాలేదని చెప్పాడు. మధ్యతరగతి అంతరించలేదు, కార్మికులు అందరూ నానాటికీ దరిద్రులు కాలేదు, ఓటు హక్కు, కార్మిక సంఘాలు, సహకార సంఘాల ద్వారా మెల్లమెల్లగా మార్పు సాధ్యమే అన్నది అతని వాదం. సోషలిజం చరిత్ర నియమం చేత అనివార్యంగా వచ్చేది కాదు, న్యాయం గనుక మనం కోరి సాధించవలసిన నైతిక ఆదర్శం అని కూడా అన్నాడు. ఇది నేటి సోషల్ డెమోక్రసీకి మూలం. దీనికే విమర్శకులు రివిజనిజం అని పేరు పెట్టారు.

రోజా లక్సెంబర్గ్ దీనికి ఘాటైన జవాబు వ్రాసింది. సంస్కరణలు వద్దని ఆమె అనలేదు. వాటి కోసం పోరాడాలి, ఆ పోరాటమే కార్మికులకు శిక్షణ అన్నది. అయితే సంస్కరణనే గమ్యంగా చేసుకున్నవాడు అదే గమ్యానికి నెమ్మదిగా వెళ్లడం లేదు, వేరే గమ్యానికి వెళుతున్నాడు అన్నది ఆమె వాదన సారాంశం. వీరిద్దరి మధ్య నిలిచిన కౌట్‌స్కీ, మార్క్స్ సిద్ధాంతాన్ని అక్షరాలా కాపాడుతూనే ఆచరణలో ఎన్నికల బాటను అనుసరించాడు.

బెర్న్‌స్టైన్ లండనులో ప్రవాసిగా ఉన్నప్పుడు ఫేబియన్ల ప్రభావానికి లోనయ్యాడు. 1884లో స్థాపించబడిన ఫేబియన్ సొసైటీ, యుద్ధాన్ని జాగు చేసి గెలిచిన రోమా సేనాని ఫేబియస్ పేరు పెట్టుకుంది. సిడ్నీ వెబ్, బెర్నార్డ్ షా వంటివారు నిపుణుల పరిశోధన, చట్టం, మునిసిపాలిటీల ద్వారా సోషలిజం తేవాలన్నారు. బ్రిటిషు లేబరు పార్టీ తొలి నాయకుడు కీర్ హార్డీ లే ప్రసంగీకుడు. ఆ పార్టీ ప్రభుత్వమే 1948లో జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించింది. తూటా పేలకుండా పేదవానికి వైద్యం అందించిన సోషలిజం ఇది. దీని బలహీనత కూడా చూడాలి. మార్పు పైనున్న అధికారుల చేతిలో ఉంటుంది. పేదవాడు సహాయం పుచ్చుకొనేవాడుగానే మిగిలిపోవచ్చు.

5. పార్టీ, ప్రజాస్వామ్యం: లెనిన్, ఆయన విమర్శకులు

1914 ఆగస్టు 4న జర్మను సోషల్ డెమోక్రాట్లు తమ ప్రభుత్వ యుద్ధ ఖర్చులకు అనుకూలంగా ఓటు వేశారు. లోకంలోని కార్మికులందరూ సహోదరులని చెప్పినవారు ఒకరినొకరు కాల్చుకోవడానికి సమ్మతించారు. ఈ ఓటుతో సోషలిస్టు ఉద్యమం రెండుగా చీలింది.

రష్యాలో లెనిన్ 1902లోనే క్రమశిక్షణగల వృత్తి విప్లవకారుల పార్టీ కావాలని వాదించాడు. కార్మికులు తమంతట తాము కూలి పెంపు వరకే ఆలోచిస్తారు, సోషలిస్టు చైతన్యం వారికి పార్టీ అందించాలి అన్నది అతని భావం. 1903లో ఈ విషయమై రష్యను పార్టీ బోల్షెవిక్కులు, మెన్షెవిక్కులుగా విడిపోయింది. 1917 నవంబరులో బోల్షెవిక్కులు అధికారం చేపట్టారు. ఎన్నికైన రాజ్యాంగ సభలో తమకు ఆధిక్యత రాకపోగా, 1918 జనవరిలో అది సమావేశమైన మరునాడే దానిని రద్దు చేశారు.

కౌట్‌స్కీ వెంటనే దీనిని ఖండించాడు. ప్రజాస్వామ్యం లేని సోషలిజం సోషలిజం కాదన్నాడు. లెనిన్ అతనిని ద్రోహి అన్నాడు. రోజా లక్సెంబర్గ్ విమర్శ ఇంకా విలువైనది, ఎందుకంటే ఆమె విప్లవాన్ని సమర్థించినది. 1918లో జర్మను చెరసాలలో ఉండి, రష్యను విప్లవ ధైర్యాన్ని మెచ్చుకుంటూనే, ఎన్నికలు, పత్రికలు, సభలు అణచివేస్తే ప్రజాజీవితం చచ్చిపోతుందని, చివరకు కొద్దిమంది నాయకుల పెత్తనమే మిగులుతుందని వ్రాసింది. 1919 జనవరిలో ఆమె హత్య చేయబడింది. ఆ వ్రాత 1922లో వెలుగు చూసింది. 1930వ దశకంలో స్టాలిన్ పాలనలో పాత బోల్షెవిక్కులనే వరుసగా చంపినప్పుడు ఆమె హెచ్చరిక ఎంత నిజమో లోకం చూసింది.

లెనిన్ మరణానంతరం కమ్యూనిస్టులలోనే మరో చీలిక వచ్చింది. ఒక్క దేశంలోనైనా సోషలిజం నిర్మించవచ్చని స్టాలిన్, ఇతర దేశాల్లో విప్లవం రాకుండా అది నిలవదని ట్రాట్‌స్కీ వాదించారు. ట్రాట్‌స్కీ 1940లో మెక్సికోలో హత్య చేయబడ్డాడు. చైనాలో మావో, నగర కార్మికులకు బదులు గ్రామీణ రైతాంగాన్ని విప్లవ శక్తిగా చేసి, పల్లెల నుండి పట్టణాలను చుట్టుముట్టే దీర్ఘకాల యుద్ధ పంథాను రూపొందించాడు.

6. మతం విషయంలో భేదాలు

సోషలిస్టులందరూ మతవిరోధులు అన్నది మన సంఘాల్లో స్థిరపడిన అభిప్రాయం. వాస్తవం ఇంత సులువు కాదు. జర్మను పార్టీ తన 1875, 1891 కార్యక్రమాల్లో మతం వ్యక్తిగత విషయమని ప్రకటించింది. 1959లో బాడ్ గోడెస్‌బర్గ్ కార్యక్రమంలో అదే పార్టీ తన ప్రజాస్వామ్య సోషలిజానికి క్రైస్తవ నీతిని ఒక మూలంగా పేర్కొంది. లెనిన్ 1905లో వ్రాసిన వ్యాసంలో, మతం ప్రభుత్వానికి సంబంధించినంతవరకు వ్యక్తిగత విషయమే గాని పార్టీకి కాదన్నాడు. పార్టీ మతంతో సిద్ధాంత పోరాటం చేయాలన్నాడు, అయినా విశ్వాసులైన కార్మికులను పార్టీలో చేరకుండా ఆపలేదు. సోవియట్ ప్రభుత్వ కాలంలో ఆ సిద్ధాంత పోరాటం చెరసాలగా, కూల్చివేతగా మారింది. ఎందరో సేవకులు ప్రాణాలు కోల్పోయారు. దానిని తగ్గించి చెప్పకూడదు.

రోజా లక్సెంబర్గ్ 1905లో సంఘాన్ని గురించి ఒక చిన్న పుస్తకం వ్రాసింది. అందులో బాసిలు, క్రిసోస్తం వంటి సంఘ పితరుల బోధలను చూపి, నేటి గురువులు వారిని మరచారని నిందించింది. అక్కడే ఆది సంఘం గురించి ఒక పదునైన మాట చెప్పింది. ఆ విశ్వాసులు ఉన్నదానిని పంచుకొని అనుభవించారు గాని, కలిసి ఉత్పత్తి చేయలేదు. అందుచేత ఆ పద్ధతి నిలవలేదు అని. మా సంఘ యౌవనస్థుని ప్రశ్నకు ఒక సోషలిస్టే ఇచ్చిన జవాబు ఇది. అపొస్తలుల కార్యముల్లోని పంపకం ఆధునిక అర్థంలో సోషలిజం కాదు. పొలం అమ్మకముందు అది తనదే, అమ్మిన తరువాత సొమ్ము కూడా తన వశమే అని పేతురు అననీయకు గుర్తు చేయడాన్ని బట్టి అది బలవంతం కాదని కూడా తెలుస్తుంది. అయితే ఎవరికీ కొదువ లేకుండా చూచుకోవడం పరిశుద్ధాత్మ కార్యమని లూకా సాక్ష్యమిస్తున్నాడు. ఆ సాక్ష్యాన్ని కేవలం ఆత్మీయార్థంలోకి మార్చి తప్పించుకొనే హక్కు మనకు లేదు.

7. క్రైస్తవ సోషలిస్టులు

1848లో లండను కార్మికుల ఆందోళన చూచి మోరిస్, కింగ్స్‌లీ, లడ్లో అనే ముగ్గురు ఆంగ్లికన్లు క్రైస్తవ సోషలిజం అనే పేరును ధైర్యంగా స్వీకరించారు. వీరిలో లడ్లో మన దేశంలోని నీమచ్‌లో పుట్టినవాడు. పోటీయే సమాజ ధర్మమన్న మాట అబద్ధమని, క్రీస్తులో మనుష్యులు ఇదివరకే సహోదరులని మోరిస్ బోధించాడు. వీరు దర్జీల సహకార సంఘం పెట్టారు, కార్మికుల కళాశాల నెలకొల్పారు. మార్క్స్, ఎంగెల్స్ అదే సంవత్సరం తమ ప్రణాళికలో క్రైస్తవ సోషలిజాన్ని హేళన చేశారు. ధనికుల మనస్సాక్షిని జోకొట్టడం తప్ప అది ఏమీ చేయదని వారి ఆరోపణ.

స్విట్జర్లండు కథ మన సేవకులకు ఇంకా పాఠం నేర్పుతుంది. కుట్టర్, రాగాజ్ అనే బోధకులు, సంఘం మరచిన దేవుని న్యాయాన్ని సోషలిస్టులు తెలియకుండానే నెరవేరుస్తున్నారని ప్రకటించారు. వారి ప్రభావంలో ఉన్న కార్ల్ బార్త్ 1911లో సాఫెన్‌విల్ అనే పరిశ్రమల గ్రామానికి కాపరిగా వెళ్లాడు. కార్మికుల పక్షం వహించి యజమానుల కోపానికి గురయ్యాడు. 1914లో అతని వేదాంత గురువులలో కొందరు జర్మను యుద్ధాన్ని సమర్థిస్తూ సంతకాలు చేశారు. సోషలిస్టులూ యుద్ధానికి లొంగారు. రెండు ఆశలూ ఒకేసారి కూలాయి. అయినా బార్త్ 1915లో సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరాడు! పార్టీలో చేరుతూనే, ఏ పార్టీనీ ఏ ఉద్యమాన్నీ దేవుని రాజ్యంతో సమానం చేయకూడదని నేర్చుకున్నాడు. రోమా పత్రికకు అతడు వ్రాసిన వ్యాఖ్యానం ఈ అనుభవం నుండి పుట్టింది. రాగాజ్ నుండి అతడు విడిపోయినది ఇక్కడే. ఉద్యమంలో దేవుని రాజ్యపు గుర్తును చూడవచ్చు, ఉద్యమమే దేవుని రాజ్యమని అనకూడదు.

8. మన నేల మీద

తెలుగు ప్రాంతాల్లో ఈ భేదాలు పుస్తకాల్లో ఉండిపోలేదు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించిన తరువాత కమ్యూనిస్టులు ఎన్నికల బాట పట్టారు. 1964లో తెనాలి సమావేశం తరువాత పార్టీ చీలింది. సి.పి.ఐ. జాతీయ ప్రజాస్వామిక విప్లవం అన్నది, సి.పి.ఎం. జనతా ప్రజాస్వామిక విప్లవం అన్నది. 1969లో ఏర్పడిన మార్క్సిస్టు లెనినిస్టు పార్టీ నూతన ప్రజాస్వామిక విప్లవం అన్నది. వినడానికి ఒకేలా ఉన్న ఈ మూడు పేర్ల వెనుక ఉన్నది ఒకే ప్రశ్న: స్వదేశీ పెట్టుబడిదారులతో, ప్రభుత్వంతో ఎంతవరకు కలిసి నడవవచ్చు, పార్లమెంటును నమ్మవచ్చా? 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ 2004లో మావోయిస్టు పార్టీలో విలీనమైంది. అదే సంవత్సరం అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వంతో జరిగిన చర్చలు ఫలించలేదు. రెండు వైపులా చనిపోయినవారిలో ఎక్కువమంది పేద ఇండ్ల బిడ్డలే.

వర్గం గురించి మాత్రమే మాట్లాడిన ఈ శాఖలన్నిటినీ డాక్టర్ అంబేడ్కర్ ఒకే ప్రశ్న వేశాడు: కులం సంగతేమిటి? కులం శ్రామికులనే మెట్లు మెట్లుగా విడదీస్తున్నప్పుడు, ఆర్థిక విప్లవం ముందు, కులం సంగతి తరువాత అనడం కుదరదని 1936లో వాదించాడు. 1947లో తాను సిద్ధం చేసిన ప్రతిపాదనలో కీలక పరిశ్రమలు, వ్యవసాయ భూమి ప్రభుత్వానివై ఉండాలని, అది రాజ్యాంగంలోనే వ్రాయబడాలని, అయితే పార్లమెంటరీ ప్రజాస్వామ్యం నిలిచి ఉండాలని కోరాడు. నియంతృత్వం లేని రాజ్య సోషలిజం ఇది. లోహియా కూడా కులాన్ని వర్గంతో కలిపి చూడాలన్నాడు. కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండల తరువాత దళిత ఉద్యమాలు ఇదే ప్రశ్నను మన వామపక్షాల ముందుంచాయి. అదే ప్రశ్న సంఘాన్ని కూడా అడిగాయని మనం ఒప్పుకోవాలి. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, శ్మశానాలు వేరుగా ఉంచుకున్న క్రైస్తవులు ఉన్నంతకాలం ఆ ప్రశ్న మన మీద నిలిచే ఉంటుంది.

ఎం. ఎం. థామస్ జీవితంలోని ఒక సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1940వ దశకంలో ఆయన మార్తోమా సంఘంలో అభిషేకం కోరాడు, కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వమూ కోరాడు. రెండు చోట్లా తిరస్కరించారు. సంఘానికి ఆయన మరీ కమ్యూనిస్టు, పార్టీకి మరీ క్రైస్తవుడు. ఆ ఇరుకులోనే నిలబడి ఆయన భారత క్రైస్తవ చింతనకు దారి చూపాడు.

9. కాపరి చేయవలసినది

మొదటిది, ప్రశ్న అడిగినవానిని ముందుగా వినాలి. అతడు ఆశించేది సహకార సంఘమా, సంక్షేమ ప్రభుత్వమా, సాయుధ పోరాటమా అని తెలియకుండా జవాబు ఇవ్వకూడదు. కూలి పెంపు కోసం సంఘం పెట్టుకున్న విశ్వాసినీ, తుపాకి పట్టమన్నవానినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

రెండవది, సువార్తను ఏ సిద్ధాంతానికీ తోకగా కట్టకూడదు. లేవీయకాండము 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరం భూమి దేవునిదని చెప్పి, అధికారం శాశ్వతంగా ఒకే చోట పేరుకోకుండా అడ్డుకుంటుంది. ఆ మాట జమీందారుకూ వర్తిస్తుంది, కంపెనీకీ వర్తిస్తుంది, పార్టీకీ వర్తిస్తుంది. ఆస్తి ఉమ్మడి అయినంత మాత్రాన పెత్తనం ఉమ్మడి కాదన్నది బకూనిన్, లక్సెంబర్గ్ మనకు గుర్తు చేసిన సత్యం.

మూడవది, ఆ కొలతనే మన ఇంటికి కూడా వాడాలి. సంఘ ఆస్తుల లెక్కలు సభ్యుల ముందు పెట్టని కమిటీ, ప్రశ్నించినవానిని వెలివేసే నాయకత్వం ఉన్నచోట, పార్టీ నియంతృత్వం గురించి ప్రసంగించే అర్హత మనకు ఉండదు.

ముగింపు

ఆ యౌవనస్థుడు ఈరోజు అదే ప్రశ్న అడిగితే, 4వ అధ్యాయం దగ్గర ఆగకుండా అతనితో కలిసి 6వ అధ్యాయం వరకు చదువుతాను. ఆస్తి పంచుకున్న ఆ సంఘంలోనే గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరిగింది. పంపకం ఉన్నా పక్షపాతం పోలేదు. అపొస్తలులు సణుగుకొన్నవారిని ద్రోహులనలేదు, పంపకాన్ని మానివేయనూ లేదు. సమూహమంతటినీ పిలిచి, నమ్మకమైన ఏడుగురిని ఏర్పరచుకోమని చెప్పి, తమ చేతిలోని అధికారాన్ని వారికి అప్పగించారు. ఏర్పరచబడిన ఏడుగురికీ ఉన్నవి గ్రీకు పేర్లు. అన్యాయానికి గురైనవారి పక్షంవారికే పంపకం అప్పగించబడిందని అనేకమంది వ్యాఖ్యాతలు గ్రహించారు. ఓవెన్ నుండి మావో వరకు అందరినీ వెంటాడిన ప్రశ్నకు ఆది సంఘం ఇచ్చిన జవాబు అదే. దానిని మన సంఘాల్లో ఆచరించి చూపగలిగితే, బయటికి వెళ్లిపోయిన యౌవనస్థులతో మళ్లీ మాట్లాడడానికి మనకు నోరు ఉంటుంది.